వగరు తెలిసిన నాలుక చాలు

ఉక్కపోత, చేపల పులుసు, దిగుమతి సుంకం. ఆస్ట్రేలియా రెడ్ వైన్‌కు డిగ్లీపూర్‌లో మూడు పరీక్షలు

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలని వైన్ పుస్తకాలన్నీ చెబుతాయి. ఏ ఊళ్లో గది అన్నది మాత్రం చెప్పవు. ఆ మాట పుట్టింది ఐరోపాలో, రాతి గోడల ఇళ్లలో. అక్కడ గది ఉష్ణోగ్రత అంటే 16 నుంచి 18 డిగ్రీలు. ఉత్తర అండమాన్‌లోని డిగ్లీపూర్‌లో పుస్తకాన్ని నమ్మి సీసాను అలమరలోంచి తీసి నేరుగా గ్లాసులో పోస్తే, నోట్లోకి వెళ్లేది దాదాపు 30 డిగ్రీల గోరువెచ్చటి ద్రవం. మొదటి గుటకలోనే సారా ఘాటు ముక్కుకు తగులుతుంది, పండు రుచి ఎక్కడో వెనక ఉండిపోతుంది. ‘ఇంత డబ్బు పోసి కొన్నది దీనికా?’ అనిపిస్తుంది. తప్పు వైన్‌ది కాదు. పుస్తకానిది.

డిగ్లీపూర్ వైన్ పటంలో ఎక్కడా లేని ఊరు. అక్కడికి వెళ్లేవారు రాస్, స్మిత్ దీవులను కలిపే ఇసుక దారి చూడటానికో, కాలిపూర్ తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడటానికో, 732 మీటర్ల శాడిల్ పీక్ ఎక్కడానికో వెళతారు. వరి, కమలాలు పండే ఊరది. కల్పాంగ్ నది మీద చిన్న జలవిద్యుత్ కేంద్రం ఉంది. జనాభాలో ఎక్కువమంది దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలవారు. తీరం వెంబడి తెలుగు మాట కూడా వినిపిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు దాదాపు 13 శాతం. వారిలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లోని మత్స్యకార పల్లెల్లో ఉన్నాయి.

అయినా ఆస్ట్రేలియా రెడ్ వైన్ బాగోగులు తేల్చడానికి ఇలాంటి ఊరే సరైనది. సిడ్నీలోనో లండన్‌లోనో ఏసీ గదిలో కూర్చుని వందకు 93 మార్కులు వేయడం తేలిక. ఉక్కపోత తట్టుకుని, ఓడలో ఊగి, సుంకాల మెట్లన్నీ దిగి, చివరికి చింతపండు పులుసు పక్కన నిలబడి కూడా బాగుందనిపించుకుంటే అప్పుడది మంచి వైన్. తెలుగువారు ఎక్కువగా ఉండే ఊళ్లలో వాతావరణం, వంట ఇంచుమించు ఇలాంటివే. కాబట్టి డిగ్లీపూర్‌లో నెగ్గిన సీసా కాకినాడలోనూ నెగ్గుతుంది, ఖమ్మంలోనూ నెగ్గుతుంది.

ఒకే రాజ్యం, రెండు రేవులు

ఆస్ట్రేలియాకూ ఉత్తర అండమాన్‌కూ ఒక పాత చుట్టరికం ఉంది. 1788లో ఆర్థర్ ఫిలిప్ నాయకత్వంలో బ్రిటిష్ ఖైదీల ఓడలు సిడ్నీ రేవు చేరాయి. దారిలో రియో డి జనీరోలోనూ, కేప్ ఆఫ్ గుడ్ హోప్ దగ్గరా ఎక్కించుకున్న మొక్కల్లో ద్రాక్ష కొమ్మలు కూడా ఉన్నాయి. మరుసటి ఏడాది, 1789లో, ఆర్చిబాల్డ్ బ్లెయిర్ దక్షిణ అండమాన్‌లో వలస పెట్టాడు. దాన్ని 1792లో ఈశాన్యానికి, ఇప్పటి డిగ్లీపూర్‌కు దగ్గర్లోని పోర్ట్ కార్న్‌వాలిస్‌కు మార్చారు. జబ్బులతో జనం రాలిపోవడంతో 1796లో దాన్ని ఎత్తేశారు. 1857 తిరుగుబాటు తర్వాత మళ్లీ ఖైదీల కోసమే 1858లో తిరిగి వచ్చారు.

అదే రాజ్యం, ఇంచుమించు అవే సంవత్సరాలు. ఒక రేవులో నాటిన కొమ్మలు వేరు పట్టడానికి చాలా తంటాలు పడ్డాయి. అయినా జేమ్స్ బస్బీ 1832లో ఫ్రాన్స్, స్పెయిన్‌ల నుంచి వందల రకాల కొమ్మలు తెచ్చాక అక్కడి తోటలకు దారి ఏర్పడింది. రెండో రేవుకు మిగిలింది జైలు పేరు. అయితే ఒక్క సవరణ చెప్పుకోవాలి. ఆస్ట్రేలియా రెడ్ వైన్‌కు ప్రపంచంలో పేరు తెచ్చిన బరోసా లోయ ఉన్న దక్షిణ ఆస్ట్రేలియా ఖైదీల వలస కాదు. 1836లో స్వేచ్ఛగా వచ్చినవారితో మొదలైన ప్రాంతం. బరోసాలో తొలి తోటలు వేసినవారిలో మత స్వేచ్ఛ వెతుక్కుంటూ జర్మన్ ప్రాంతాల నుంచి వచ్చిన లూథరన్లు ఎక్కువ. ఐరోపా తోటలను 19వ శతాబ్దంలో తుడిచిపెట్టిన ఫైలాక్సెరా అనే వేరు పురుగు దక్షిణ ఆస్ట్రేలియాకు చేరలేదు. అందుకే 1840లలో నాటిన షిరాజ్ తీగలు కొన్ని అక్కడ నేటికీ కాస్తున్నాయి.

చవక సీసాకే పెద్ద వాత

ఆ తోటల సీసా మన దగ్గరికి వచ్చేసరికి ధర ఎందుకు అంత పెరుగుతుంది? మొదటి జవాబు దిగుమతి సుంకం. చాలా ఏళ్లు అది 150 శాతం. అంటే వంద రూపాయల సరుకు రేవు దాటేసరికి రెండొందల యాభై. 2022 ఏప్రిల్ 2న భారత్, ఆస్ట్రేలియా వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అది అదే ఏడాది డిసెంబరు 29న అమల్లోకి వచ్చింది. ‘ఇక వైన్ చవక’ అంటూ అప్పట్లో వార్తలు వచ్చాయి. కానీ ఒప్పందంలో మూడు మెట్లున్నాయన్నది చాలామంది పట్టించుకోలేదు.

సీసా దిగుమతి ధర 5 డాలర్లకు తక్కువైతే రాయితీ సున్నా. పాత 150 శాతమే. 5 డాలర్లు దాటితే అమలైన రోజు నుంచే 100 శాతం, అది పదేళ్లలో 50 శాతానికి దిగాలి. 15 డాలర్లు దాటితే మొదటే 75 శాతం, పదేళ్లలో 25 శాతానికి చేరాలి.

ఒప్పందం అమలైన రోజు రేట్లతో లెక్క వేస్తే విచిత్రం బయటపడుతుంది. 4 డాలర్ల 90 సెంట్ల సీసా సుంకంతో కలిసి 12 డాలర్ల 25 సెంట్లవుతుంది. అంతకంటే మెరుగైన, 5 డాలర్ల 10 సెంట్ల సీసా 10 డాలర్ల 20 సెంట్లకే బయటికొస్తుంది. నాసిరకం కంటే నాణ్యమైనదే చవక అన్నమాట. అలాగే 14 డాలర్ల సీసా, 16 డాలర్ల సీసా రెండూ రేవు దాటేసరికి సరిగ్గా 28 డాలర్లు. అడుగు మెట్టు మీద ఉన్న సీసా అన్నిటికంటే నష్టపు బేరం అని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇదేమీ పొరపాటున జరిగింది కాదు. నాసిక్ ద్రాక్ష రైతుల, అక్కడి వైన్ తయారీదారుల మార్కెట్ ప్రధానంగా చవక, మధ్యతరగతి సీసాలదే. విదేశీ చవక సరుకు వరదలా వచ్చి వారిని ముంచకుండా వేసిన కట్ట ఆ 5 డాలర్ల గీత. ఆస్ట్రేలియాకూ తన తొందర తనకుంది. చైనా 2020 నవంబరులో ఆ దేశపు వైన్ మీద సుంకాలు మొదలుపెట్టి, 2021 మార్చిలో వాటిని 218 శాతం దాకా తీసుకెళ్లింది. అతి పెద్ద కొనుగోలుదారు తలుపు మూసేసరికి సరుకు గిడ్డంగుల్లో పేరుకుపోయింది. చైనా ఆ సుంకాలను ఎత్తేసింది 2024 మార్చిలోనే. ఢిల్లీలో కుదిరిన బేరం వెనక ఈ ఎదురుదెబ్బ నీడ కూడా ఉంది.

అయినా రేవులో తగ్గిన ప్రతి రూపాయీ తాగేవాడి జేబుకు చేరదు. మద్యం జీఎస్టీలో లేదు. దాని మీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలది. ఎక్సైజ్ సుంకం, లేబుల్ రుసుములు, దుకాణం లాభం అన్నీ దానిపైన పడతాయి. కేంద్రం ఒక చేత్తో తగ్గించింది రాష్ట్రం రెండో చేత్తో పెంచితే అడిగేవారు లేరు. దీవుల సంగతి ఇంకాస్త వేరు. ఇక్కడ ఎక్సైజ్ కేంద్రపాలిత ప్రాంత పాలనా యంత్రాంగం చేతిలో ఉంటుంది. అండమాన్ నికోబార్ సమీకృత అభివృద్ధి సంస్థ చేసే వ్యాపారాల్లో మద్యం ఒకటి. అరలో ఏ సీసా ఉండాలో తేల్చేది తాగేవాడి రుచి కంటే సరఫరా జాబితా.

ఉగాది పచ్చడి పాఠం

సీసా ఇంటికి చేరిందనుకుందాం. ఇప్పుడు రుచి. ఇక్కడే చాలామంది తెలుగువారు వెనక్కి తగ్గుతారు. లేబుల్ వెనక బ్లాక్ కరెంట్, మల్బెర్రీ, సెడార్ చెక్క అని రాసి ఉంటుంది. తినని పండు వాసన, చూడని చెట్టు వాసన ఎలా పట్టాలి? పట్టక్కర్లేదు. ఆ మాటలు రాసినవాడు తన ఊరి పెరట్లోంచి ఏరుకున్నాడు. మన పెరడు మనకుంది.

రెడ్ వైన్‌కు ప్రాణం టానిన్. ద్రాక్ష తొక్క నుంచీ గింజ నుంచీ వచ్చే ఈ పదార్థం లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసి నాలుకను ఆర్చేస్తుంది. ఇంగ్లిష్‌లో దీన్ని వివరించడానికి వాక్యాలు ఖర్చవుతాయి. తెలుగులో ఒక్క మాట, వగరు. మామిడి పిందె కొరికినప్పుడు, వక్క నమిలినప్పుడు, నేరేడు పండు తిన్నాక నోరు పట్టేసినప్పుడు తెలిసేది అదే. ఆరు రుచుల్లో దానికి విడిగా ఒక పీట వేసి, ఏటా ఉగాది నాడు పిల్లలకు కూడా పరిచయం చేసే జాతికి రెడ్ వైన్ కొత్త పాఠమేమీ కాదు. మంచి పచ్చడిలో ఏ ఒక్క రుచీ మిగతావాటిని తొక్కేయకూడదు. మంచి రెడ్ వైన్‌కూ అదే కొలత. పండు తీపి, పులుపు, వగరు, సారా వేడి. నాలుగూ తూకంలో ఉన్నాయా లేదా అన్నదే పరీక్ష.

పద్ధతి కూడా కష్టమేమీ కాదు. గ్లాసులో మూడో వంతు పోయాలి. తెల్ల కాగితం మీద వంచి రంగు చూడాలి. ఊదా ఛాయ ఉంటే కుర్ర వైన్, ఇటుక రంగు అంచు కనిపిస్తే వయసైంది. గ్లాసును ఒకసారి తిప్పి వాసన చూడాలి. చిన్న గుటక నోట్లో పోసుకుని, కాస్త గాలి లోపలికి పీల్చి, నోరంతా తిప్పాలి. మింగాక అంకెలు లెక్కపెట్టాలి. మూడు అంకెల్లో రుచి మాయమైతే మామూలు సరుకు. పది దాటినా నిలిచి ఉంటే మంచి సరుకు.

షిరాజ్‌లో తెలుగు ముక్కు వెంటనే పట్టే వాసన మిరియం. అది ఉపమానం కాదు, రసాయనం. షిరాజ్‌లో మిరియం వాసన తెచ్చే రొటండోన్ అనే పదార్థాన్ని అడిలైడ్‌లోని ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2008లో వెల్లడించారు. మన చారులో పడే మిరియంలోనూ ఘాటు వాసనకు కారణం అదే పదార్థం. చల్లటి ప్రాంతాల షిరాజ్‌లో ఇది ఎక్కువ. అయిదుగురిలో ఒకరికి ఈ వాసన దాదాపు తెలియదని కూడా ఆ పరిశోధనలోనే తేలింది. కాబట్టి ఒకే గ్లాసు గురించి ఇద్దరు వాదించుకుంటే ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

కాబర్నే సావిన్యోన్‌లో, ముఖ్యంగా సున్నపురాతి మీద పరుచుకున్న ఎర్రమట్టికి పేరుపడ్డ కూనవర్రా సీసాల్లో, పుదీనా, నీలగిరి తైలం వాసన తగులుతుంది. తోట పక్కన యూకలిప్టస్ చెట్లుంటే వాటి నూనె గాలిలో వచ్చి ద్రాక్ష తొక్కకు అంటుకుంటుంది. జలుబు చేసినప్పుడు అమ్మ ఆవిరి పట్టిన వాసనను గుర్తు పట్టడానికి వైన్ కోర్సు అక్కర్లేదు. ఇక బరోసా షిరాజ్‌ను అమెరికన్ ఓక్ పీపాల్లో నిల్వ చేస్తే వెనిల్లాతో పాటు కొబ్బరి వాసన వస్తుంది. కొబ్బరి తోటల మధ్య బతికే డిగ్లీపూర్‌కు ఇది బరోసా వారికంటే బాగా తెలుసు.

తన నాలుకను నమ్ముకోవడానికి ఆస్ట్రేలియా చరిత్రలోనే ఒక మంచి కథ ఉంది. పెన్‌ఫోల్డ్స్ కంపెనీలో మాక్స్ షూబర్ట్ అనే వైన్ తయారీదారు 1951లో గ్రేంజ్ అనే రెడ్ వైన్‌ను ప్రయోగంగా చేశాడు. ఏళ్ల తరబడి నిలవ ఉండి పండే వైన్ అది. కుర్ర వయసులో రుచి చూసిన పెద్దలకు నచ్చలేదు. 1957లో ఆపేయమన్నారు. షూబర్ట్ మూడేళ్లు గుట్టుగా చేస్తూనే పోయాడు. పాత సీసాలు పండాక మళ్లీ రుచి చూసినవారు మనసు మార్చుకున్నారు. 1960లో అనుమతి తిరిగి వచ్చింది. నేడది ఆస్ట్రేలియాలోకెల్లా పేరున్న సీసా. తొలి మార్కులు వేసింది నిపుణులే, తప్పింది కూడా వాళ్లే.

ఓడ, లారీ, ఎండ

అన్నిటికంటే కఠిన పరీక్ష ప్రయాణం. దక్షిణ ఆస్ట్రేలియా నుంచి భూమధ్యరేఖ దాటి భారత రేవుకు, అక్కడి గిడ్డంగికి, మళ్లీ ఓడ ఎక్కి శ్రీవిజయపురానికి (2024 సెప్టెంబరు దాకా దాని పేరు పోర్ట్ బ్లెయిర్), ఆ పైన రోడ్డు మీద వచ్చే సరుకైతే జార్వాల అడవిని దాటి, నడుమ పంటు మీద పాయ దాటి దాదాపు మూడొందల కిలోమీటర్లు. ఇనుప కంటెయినర్ రేవులో ఎండకు నిలబడితే లోపల సీసా ఉడుకుతుంది. వేడి తగిలిన వైన్ పాడైందని ఒంటి మీద రాసుకుని ఉండదు. కానీ గుర్తులున్నాయి. బిరడా పైకి ఉబికి ఉండటం, మెడ దగ్గర కారిన మరక, కుర్ర వైన్‌కు గోధుమ రంగు, తాజా పండుకు బదులు ఉడికించిన ఎండుద్రాక్ష వాసన. వీటిలో మొదటి రెండు కనిపిస్తే దుకాణంలోనే సీసా వెనక్కి ఇచ్చేయాలి.

ఇక్కడ ఆస్ట్రేలియాకు ఒక మార్కు ఎక్కువ వేయాలి. 2000 సంవత్సరంలో క్లేర్ వ్యాలీ తయారీదారులు కొందరు కలిసి తమ రీస్లింగ్ సీసాలకు బెండు బిరడా తీసేసి మర మూత పెట్టారు. మర మూత అంటే చవకబారు అనుకునే రోజులవి. తర్వాత ఆ దేశపు రెడ్ వైన్లలోనూ అదే ఎక్కువగా వాడుకలోకి వచ్చింది. బెండులోంచి వచ్చే బూజు వాసన బెడద మర మూతతో లేదు, నిలువుగా నిలబెట్టినా ఆరిపోయే భయం లేదు, బిరడా తీసే పరికరం వెతుక్కునే పనీ లేదు. గాలిలో అంత తేమ, అలమరలో అంత వేడి ఉన్న ఊళ్లో మర మూత సీసానే కొనాలి. వేడికి అదీ పూర్తి రక్ష కాదు. ఇంటికి తెచ్చాక చల్లటి మూలలో పెట్టి, కొన్ని నెలల్లో తాగేయడమే మంచిది. పదేళ్లు దాచి పండించాలన్న ఆశ దీవుల్లో ఉక్కపోతకు పనికిరాదు.

గది ఉష్ణోగ్రత సమస్యకు మందు ఫ్రిజ్‌లోనే ఉంది. తాగే ముందు అరగంట నుంచి ముప్పావు గంట లోపల పెడితే చాలు. పూర్తిగా చల్లబడితే వగరు ముదిరి చేదనిపిస్తుంది. మిగిలితే మూత బిగించి మళ్లీ ఫ్రిజ్‌లోనే పెట్టాలి. మూడు నాలుగు రోజులు బాగుంటుంది.

చేపతో గొడవ

చివరి పరీక్ష కంచంలో. సముద్రం చుట్టూ ఉన్న ఊళ్లో భోజనం అంటే ముందు చేప. రెడ్ వైన్‌కు చేప పడదని పాతకాలపు మాట. అది వట్టి ఆచారం అనుకునేవారికి 2009లో జపాన్ పరిశోధకులు జవాబిచ్చారు. పదుల రకాల వైన్లను స్కాలప్ అనే ఆల్చిప్ప జాతి మాంసంతో రుచి చూపించి, నోట్లో మిగిలే నీచు వాసనకు కారణం వైన్‌లోని ఇనుము అని తేల్చారు. ఇనుము ఎక్కువ ఉన్న వైన్‌తో నీచు ఎక్కువ. కాబట్టి కొన్ని రెడ్‌లు చేపతో సర్దుకుంటాయి, కొన్ని సర్దుకోవు. ఆ సంగతి లేబుల్ మీద ఉండదు.

తెలుగు వంటింట్లో గొడవ ఇంకో రెండింటితో. ఒకటి కారం. సారా కారాన్ని మంటగా మారుస్తుంది. 15 శాతం సారా ఉన్న బరోసా షిరాజ్‌ను గుంటూరు మిరపకాయతో కలిపితే నాలుక మీద అగ్గి. రెండోది చింతపండు. పులుపు తక్కువ ఉన్న వైన్‌ను పులుసు పక్కన పెడితే చప్పగా, నీళ్లలా అనిపిస్తుంది. వంజరం పులుసు ముందు ఖరీదైన షిరాజ్ తలవంచుకోవడం తప్పు కాదు, సహజం.

నెగ్గేవి ఏవంటే, వగరు తక్కువగా, పండు ఎక్కువగా ఉండి, చల్లగా తాగినా బాగుండేవి. మెక్‌లారెన్ వేల్, బరోసాల గ్రెనాష్ ఇక్కడ మొదటి వరస. యారా వ్యాలీ పినో న్వార్ వేయించిన చేప పక్కన బాగా నడుస్తుంది, పులుసు పక్కన కాదు. ఆస్ట్రేలియా ప్రత్యేకమైన బుడగల షిరాజ్ దొరికితే వదులుకోకూడదు. అది చల్లగా తాగడానికే పుట్టింది. ఇక వేట మాంసం వండిన ఆదివారం సంగతి వేరు. మాంసంలోని కొవ్వు, ప్రోటీన్ వగరును మెత్తబరుస్తాయి. గోంగూర పులుపు కూడా చింతపండు చేసే పనే చేస్తుంది కానీ పక్కన మాంసం ఉంది కాబట్టి షిరాజ్ నిలదొక్కుకుంటుంది. కారం ఒక చెంచా తగ్గిస్తే ఇంకా మంచిది.

పేర్లతో చెప్పాలంటే మన దేశంలో ఎక్కువగా కనిపించేవి కొన్నే. జాకబ్స్ క్రీక్ షిరాజ్ కాబర్నే 1976 నుంచి ఉన్న పేరు. గొప్పలు పోదు, మోసం చేయదు. కాస్త చల్లబరిస్తే కోడి వేపుడుతో సరిపోతుంది. అదే ఏడాది ద్రాక్షతో మొదలైన పెన్‌ఫోల్డ్స్ కూనంగా హిల్ షిరాజ్ కాబర్నే ఒక మెట్టు పైన. వగరు, పండు తూకంలో ఉంటాయి, వేట మాంసానికి తగినది. అదే కంపెనీ బిన్ 389ను ముద్దుగా పేదవాడి గ్రేంజ్ అంటారు. ఆ ధరకు కొనే పేదవాడు ఏ దేశంలో ఉన్నాడో తెలియదు గానీ, ఎవరైనా బహుమతిగా ఇస్తే డిగ్లీపూర్ ఉక్కలో దాచకుండా ఆ ఆదివారమే తెరవాలి. విన్స్ కూనవర్రా కాబర్నే దొరికితే నీలగిరి వాసన ఎలా ఉంటుందో దానితో నేర్చుకోవచ్చు. అమెరికా సూపర్ మార్కెట్లను 2001 నుంచి ఊపేసిన ఎల్లో టెయిల్ తీపి వైపు మొగ్గుతుంది. మొదటిసారి తాగేవారికి నచ్చుతుంది, రెండో గ్లాసుకు విసుగు పుడుతుంది.

బోర్డు మీద మాట

తెలుగు ఊళ్లలో ‘వైన్స్’ అన్న బోర్డు లేని సెంటరు అరుదు. దాని కింద అమ్ముడయ్యేది మాత్రం బ్రాందీ, విస్కీ, బీరు. ఆ పదం మనకు ద్రాక్షను కాదు, మద్యం దుకాణాన్ని గుర్తు చేస్తుంది. దాని వెనక ఒక చరిత్ర కూడా ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో దాన్ని సడలించారు. తాగుడు అంటే ఇంట్లో బియ్యం డబ్బు పోవడం అని తెలిసిన సమాజం వైన్ గురించిన ముచ్చట్లను అనుమానంగా చూడటంలో తప్పు లేదు.

వైన్ రాతలు సాధారణంగా ఈ సంగతి దాటవేస్తాయి. దాటవేయకూడదు. రెడ్ వైన్ గుండెకు మంచిదన్న మాట చాలాకాలం చలామణి అయింది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మద్యంలో ప్రమాదం లేని మోతాదంటూ ఏదీ లేదని స్పష్టంగా చెప్పింది. 14.5 శాతం సారా ఉన్న 750 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 86 గ్రాముల సారా ఉంటుంది. ఆస్ట్రేలియా లెక్కలో ఒక ప్రామాణిక డ్రింక్ 10 గ్రాములు. అంటే ఒక సీసా ఎనిమిదిన్నర డ్రింకులు. ఆ దేశపు 2020 మార్గదర్శకాలు ఆరోగ్యవంతులైన పెద్దలకు చెప్పేది వారానికి పదికి మించవద్దని, ఏ ఒక్క రోజూ నాలుగు దాటవద్దని. వైన్ చేసి ప్రపంచానికి అమ్మే దేశమే తన ప్రజలకు చెప్పే లెక్క ఇది. ఒక సీసా నలుగురికి ఒక సాయంత్రం సరిపోతుంది. ఒక్కడికి ఒక సాయంత్రం అయితే అది రుచి చూడటం కాదు.

అందుకే కొనేవాడికి చెప్పగలిగిన సలహా చిన్నది. తరచూ చవకది కొనే బదులు అరుదుగా మంచిది కొనాలి. సుంకం లెక్క కూడా అదే చెబుతోంది. అడుగు మెట్టు సీసాకు పన్నే ఎక్కువ, రుచి తక్కువ. మర మూత చూసి, మెడ దగ్గర మరక లేదని చూసి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, పులుసు లేని రోజు చూసి తెరవాలి. లేబుల్ వెనక రాసిన బ్లాక్ కరెంట్‌ను మర్చిపోయి నేరేడును, మిరియాన్ని, కొబ్బరిని వెతకాలి. అవి కనిపిస్తే సీసా డిగ్లీపూర్ దాకా క్షేమంగా వచ్చినట్టు. కనిపించకపోతే కళ్లు మూసుకుని మార్కులు వేయనక్కర్లేదు, బాగాలేదని చెప్పడానికి ఉగాది పచ్చడి తిన్న నాలుక చాలు.